నాయన లేవని ఆదివారం

కర్నూలులో తెలుగు పాఠాలు చెప్తాను. రచయిత గొంతును ఎలా పట్టుకోవాలో పిల్లలకు విడమరిచి చెప్పడం నాకు మహా ఇష్టం. "ఏం చెప్పాడని కాదు, ఎలాంటి మనసుతో చెప్పాడో చూడండి" అంటుంటాను. ఈ మధ్య ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

మా నాయనది కోడుమూరు దగ్గర మెట్ట సేద్యం. మా చర్చిలో పాటలయ్యాక, దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. సాక్ష్యం అంటాం. నాయన ప్రతి ఆదివారం లేస్తాడు. చెప్పేది ఒకటే. బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాక, ఇక బోరు బండిని పంపేద్దామనుకుంటుండగా నీళ్లు పడిన సంగతి. "దుమ్ము లేస్తాండాది, నేను ఏడుస్తాండా" అనే చోట నిజంగానే ఏడుస్తాడు.

దాని మీద కథ రాశాను. నాయన మాటలు ఉన్నవున్నట్టే పెట్టాను. ముద్దుగా రాశాననే అనుకున్నాను. మొన్న కర్నూలులో ఒక సభలో చదివితే, ఆ దుమ్ము మాట దగ్గర హాలంతా ఘొల్లున నవ్వింది. నాకు ఊపొచ్చింది. ఆ మాట రెండోసారి వచ్చినప్పుడు గొంతు వణికించి, నాయనలాగే ముక్కు ఎగబీల్చి మరీ చదివాను. ఇంకా నవ్వారు. ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో కూర్చున్న నాయన కూడా అటూ ఇటూ చూసి, నవ్వాడు.

తర్వాతి ఆదివారం నేనూ చర్చికి వెళ్లాను. పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పమని, అలవాటుగా నాయన వైపు చూశారు. నాయన తల వంచుకుని చాప అంచు సవరిస్తున్నాడు. పాస్టరుగారు కాసేపు ఆగి, ప్రార్థన మొదలుపెట్టారు.

బయటికొచ్చాక అడిగాను. "ఏం నాయనా, ఈ పొద్దు లేయలేదే?"

"నువ్వు చెప్తివి గదమ్మా. నాకంటే బాగా చెప్తివి. ఇంగ నేను లేస్తే అందురూ నగుతారు."

ఆ మాటలో కోపం కోసం వెతికాను. ఉంటే నాలుగు తిట్లు తిని కాళ్ల మీద పడేదాన్ని. లేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

నీళ్లు పడిన రోజు ఆ బోరు బండి దగ్గర నేనూ ఉన్నాను. నాయన చెయ్యి పట్టుకుని నేనూ ఏడ్చాను. కథలో ఆ సంగతి రాయలేదు.