అమ్మ గుండెను ఎండబెట్టిన రోజు

డిబేట్లలో నన్ను ఓడించిన మగాడు ఈ విశాఖపట్నంలో లేడని గొప్పలు పోయేదాన్ని కదా? మొన్న ఒక నల్లకవరు, గుప్పెడు చేపలు కలిసి ఓడించాయి. నవ్వకండి, నాకు ఒళ్లు మండుతోంది.

అమ్మ సంగతి మీకు తెలుసు. ఫిషింగ్ హార్బరులో గంప నెత్తిన పెట్టుకుని పరుగులు తీసిన మనిషి, ఇప్పుడు మూడు మెట్లెక్కితే ఆయాసం. గుండెలో ఒక వాల్వు ఇరుకైపోయిందన్నారు. ఎంత ఇరుకైందో ఎకో మిషన్‌లో చూస్తేగాని తెలీదట. దాన్నిబట్టే మాత్రలా, ఆపరేషనా అన్నది. ఊళ్లోకి మిషన్ కొత్తగా వచ్చింది. వచ్చింది సరే, పనిచేసిందెప్పుడు? మొదటిసారి వెళితే ఏసీ చెడిపోయింది. రెండోసారి డాక్టరు సెలవు. మూడోసారి అమ్మ ఎక్స్‌రేయే పోగొట్టి, "మళ్లీ తీయించుకోండి" అన్నాడు గుమాస్తా, పళ్లు కుట్టుకుంటూ! ఊపిరాడని మనిషి బెంచీ మీద కూర్చుంటే, వీడికి పళ్లు కుట్టుకునే తీరికా?

నాలుగోసారికి ఎకో తీశారు. అమ్మ ఛాతీ మీద జెల్లీ రాసి, లావుపాటి పెన్నులాంటిదొకటి ఆనించారు. వాల్వు కదలికలన్నీ గీతలుగా, పొడుగాటి కాగితం బయటికొచ్చింది. టెక్నీషియన్, వయసు మళ్లినాయన, దాన్ని మడిచి నల్లకవరులో పెట్టబోయాడు.

"ఆ కాగితం మాకివ్వండి," అన్నాను.

"గురువారం సర్జనుగారు సూడాలమ్మా. ఇక్కడే..."

"ఇక్కడే పోగొడతారా, ఎక్స్‌రే పోగొట్టినట్టు?"

"అది కాదమ్మా, ఈ కాగితం..."

"గుండె మాది, కాగితం మీదా?"

"పోనీ అట్టుకెల్లండి గానీ, ఆ కవరు..."

"నల్లకవరెందుకు? ఏం దాచడానికి?"

ఎదుటివాణ్ణి వాక్యం పూర్తి చేయనివ్వకపోవడం నాకు కప్పులు తెచ్చిపెట్టిన విద్య. కాగితం లాక్కున్నాను. కవరు ఆయన చేతిలోనే ఉండిపోయింది. అమ్మ చీర సర్దుకుంటూ, "ఆ బాబు ఏటో సెప్తన్నాడే, ఇనవే!" అంది.

విన్నానా?

ఇంటికొచ్చి చూస్తే, అమ్మ ఛాతీ తుడిచినప్పుడు నా చేతికంటిన జెల్లీ అంతా కాగితానికి పూసుకుని, మడతలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. మా ఇంట్లో ఏది తడిసినా ఒకటే వైద్యం, ఎండ. డాబా మీద నెత్తళ్ల చేపలు ఎండుతున్నాయి. వాటి పక్కనే చాప మీద అమ్మ గుండెను పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, కాకులు రాకుండా పైన పాతవల కప్పాను. కిందికి దిగి, ఆ ఆసుపత్రిని చీల్చి చెండాడుతూ పత్రికకు ఉత్తరం మొదలెట్టాను.

రెండో పేజీ అయ్యాక డాబా ఎక్కాను. నెత్తళ్లు వెండిలా మెరుస్తున్నాయి. కాగితం వంకాయ రంగుకి తిరిగింది. ఒక్క గీత కనపడితే ఒట్టు!

ఆ గురువారం తప్పితే సర్జన్ మళ్లీ పదిహేను రోజులకిగాని రాడు. అమ్మ అన్నాళ్లు ఆగగలదో లేదో చెప్పాల్సిన కాగితమే అది.

మర్నాడు పొద్దున్నే అమ్మని రిక్షా ఎక్కించుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. టెక్నీషియన్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎలుతురు తగిల్తే నల్లబడిపోద్దమ్మా ఇది. అది సెప్దామనే అన్నిసార్లు నోరు తెరిసాను," అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది, ఎదురు తిరగడానికి వీలుండేది! అమ్మని పడుకోబెట్టి మళ్లీ తీశాడు. ఈసారి నల్లకవరు నేనే తెరిచి పట్టుకున్నాను.

గురువారం సర్జన్ కాగితం చూసి, "బాగా ఇరుకైపోయింది. ఆపరేషన్ చెయ్యాల్సిందే. ఇప్పుడు చేస్తే తేరుకుంటుంది," అన్నాడు. ఈ ముక్క తెలియడానికి ఇన్నిసార్లు ఎందుకు తిప్పారు, ఎక్స్‌రే ఏమైంది అని నిలదీయబోయాను. అమ్మ నా చెయ్యి పట్టి లాగింది.

"డాక్టరుబాబూ, నా గుండెలో తలుపు తెరుసుకోదు, దీని నోటికున్న తలుపు మూసుకోదు. పనిలో పని, దీనికి కూడా సేసెయ్ బాబూ!"

గదంతా ఒకటే నవ్వు. మూలనున్న టెక్నీషియన్ కూడా!

అమ్మ మాటని ఖండిద్దామని నోరు తెరిచాను. తెరవగానే ఆవిడ వాదన రుజువైపోయింది.