నేనే పాస్ చేసిన చక్రం

మామగారి కారు చక్రాన్ని పట్టపగలు, నడిరోడ్డు మీద, ఆయన లోపల కూర్చుని ఉండగానే ఊడగొట్టిన అల్లుణ్ణి నేను. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఈ కథ తెలియనివారు లేరు. అయినా ఏ పెళ్లికెళ్లినా, పప్పు వడ్డించేలోపే ఎవరో ఒకరు మళ్లీ అడుగుతారు. చెప్పి చెప్పి అలిసిపోయాను. మీకూ చెప్పేసి కాస్త నడుం వాలుస్తాను.

మామగారు రిటైరయిన గూడ్సు గార్డు. కళ్లు మందగించాయి. ఆయన కొన్న పాత కారుకు నడిపే మనిషి కావాలి.

"ఆదివారం మమ్మల్ని ఇందా పేట దాకా తిప్పు బాబూ. బాగా నడిపితే తాళం నీదే," అన్నారు.

ఆ తాళం మీద నా కన్నుపడింది. ఊరికే నడిపితే గొప్పేముంది? కారు చక్రాలు చూస్తే, తొలిసారి అత్తారింటికి వచ్చిన అల్లుడిలా లోపలికి ముడుచుకుని ఉన్నాయి. బయటికి జరిపితే దర్జాగా ఉంటుందనిపించింది. దానికి స్పేసర్లని ఉంటాయి, చక్రం వెనక పెట్టే వేలు మందం బిళ్లలు.

గోల్‌బజార్‌లో కొట్టాయన బిళ్లలిచ్చి, "దాదా, లొంబా బోల్టు నేబేన్ నా?" అన్నాడు. పొడుగు బోల్టులు కూడా అంటగడుతున్నాడని నాకు ఒళ్లు మండింది. కారుతో వచ్చిన బోల్టులుండగా కొత్తవెందుకన్నాను. రైల్వే వర్క్‌షాప్‌లో చక్రాల ఫిట్టర్నని వచ్చీరాని బెంగాలీలో చెప్పాను.

"ఠీక్ హై," అని ఆయన దణ్ణం పెట్టేశాడు.

రైలు చక్రం చూసినవాడికి కారు చక్రం లోకువ. ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. మా షాపులో చక్రాలకు బోల్టులే ఉండవు, ప్రెస్సు పెట్టి ఇరుసుకు ఎక్కిస్తాం. ఆ సంగతి ఆ రోజు గుర్తొస్తే ఒట్టు!

ఇంటికొచ్చి బిగించాను. ఏడెనిమిది చుట్లు తిరగాల్సిన బోల్టు రెండు చుట్లకే బిగుసుకుంది. బిళ్ల మందమంతా బోల్టు పొడవును తినేసిందని బుర్రకెక్కాలా వద్దా? పని తొందరగా తెమిలిందని మురిసిపోయాను. మా షాపులో ఒకరు చేసిన పనిని ఇంకొకరు పరీక్షించి, పాసైతే సుద్దతో 'ఓకే' రాస్తారు. ఇక్కడ ఇంకొకరు లేరు కదా, ఆ 'ఓకే' కూడా చక్రం మీద నేనే రాసి కింద సంతకం గీకాను.

ఆదివారం ముందు సీట్లో మామగారు, వెనక అత్తగారూ మా ఆవిడా. ఇందా దగ్గరపడేసరికి కింద టకటకమని మోత.

"ఏటి బాబూ ఆ సప్పుడు?" అన్నారు మామగారు.

"కొత్త సామాను కదా మావయ్యా, సర్దుకుంతంది."

ఓ రిక్షా వెనక మెల్లగా పాకుతున్నాం. ఇంతలో మా కుడిపక్క నుంచి ఓ చక్రం ఒంటరిగా దొర్లుకుంటూ మమ్మల్ని దాటి వెళ్లింది.

"ఓలమ్మో! ఎవులిదో సెక్రం ఊడిపోనాది, పాపం!" అంది అత్తగారు.

ఆ మాట నోట్లో ఉండగానే కారు ముందు మూల దభీమని కూలబడింది.

ఎవరికీ ఏమీ కాలేదు, ఆ రిక్షావాడి పుణ్యం. మామగారు కారు దిగారు. అత్తగారి ఎర్ర శాలువా తీసుకుని, కారు వెనక నాలుగు బారలు నడిచి, దారిలో ఆగిన గూడ్సుకు కాపలా కాస్తున్నట్టు బస్సులకు ఊపుతూ నిలబడ్డారు. టీకొట్టాయన చక్రం దొర్లించుకొచ్చాక, దాని మీది సుద్దరాత కళ్లు చికిలించి చదివారు.

"ఇది బిగించినోడెవుడు?"

"నేనే, మావయ్యా."

"పాస్ సేసినోడు?"

"అదీ... నేనే."

"నా సర్వీసంతట్లో ఇలాటి బండికి పచ్చజెండా ఊపనేదు," అని చెయ్యి చాపారు. తాళం అందులో పెట్టాను. సిగ్గుతో చచ్చాననుకోండి.

తర్వాత బిళ్ల మందమంత ఎక్కువ పొడవున్న బోల్టులు తెప్పించారు. ప్రతి బోల్టుకూ చుట్లు మామగారే లెక్కపెట్టారు. మా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుని ఆ తాళం దక్కించుకుంది. నాకు వెనక సీటు.

కనుక సుద్దముక్క సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా పనిని ఇక ఈ జన్మలో నేను పాస్ చేసుకోను. ఈ కథ కూడా ముందు మా ఆవిడకే చూపించాను. చదివి, కాగితం నా ముందు పడేసింది.

"సెక్రం మనల్ని దాటిపోతంటే, 'ఏ ఎదవ బిగించినాడో' అన్నారు కదా మీరు. అది రాయనేదేటి?"

ఇదిగో, రాశాను. ఇప్పుడు పాసైంది.