రేకు మీది చెయ్యి

ఏబ్నర్ స్టిల్వెల్‌కు అబద్ధమాడటం చేతకాదు. ఒహాయో నది ఒడ్డున ఆ ఊళ్ళో అంతర్యుద్ధానికి పోయే ప్రతి కుర్రాడూ ముందు అతని ఫోటో దుకాణానికే వచ్చేవాడు. అతనిచ్చిన తుపాకీ రొమ్ముకు ఆనించుకుని, పలచని ఇనప రేకు మీద ఫోటో తీయించుకుని మరీ పోయేవాడు. "మావాడికి గురి కుదరదు గాని, పోజు మాత్రం జనరల్‌దే" అని తండ్రులు ఎగతాళి చేసేవారు. వాళ్ళలో సగంమంది తిరిగి రాలేదు. ఏబ్నర్‌కు తన పనంటేనే విరక్తి పుట్టింది.

ఆ ఎండాకాలం కెజయా ప్రూయిట్ వచ్చింది. టెనెస్సీలో చచ్చిపోయిన సిపాయి జేబులో దొరికిందని, అందులో ఉన్నది మీ అబ్బాయే అయి ఉంటాడని సైన్యంవాళ్ళు పంపిన రేకు ఫోటోను బల్ల మీద పెట్టింది.

"ఇది మా ఒరిన్ కాదని పాస్టరుగారి ముందు నువ్వు చెప్పాలి. ఊరంతా నాకు పిచ్చెక్కిందంటోంది."

"మొహం చూస్తే..."

"గడ్డం పెరిగి చిక్కి శల్యమైతే ఎవడైనా అలాగే ఉంటాడు. చెయ్యి చూడు. గొడ్డలి జారి మావాడికి చిటికెనవేలు పోయింది ఎడమచేతికి. వీడికి లేనిది కుడిచేతికి. నా బిడ్డ చెయ్యి నాకు తెలీదా?"

ఏబ్నర్‌కు వెంటనే అర్థమైంది. రేకు ఫోటో అద్దం లాంటిది, ఎడమ కుడిగా పడుతుంది. ఆ సంగతి ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు. ఆమె మాటకు తలూపితే సంతోషంగా ఇంటికి పోతుంది, రాని కొడుకు కోసం గుమ్మంలో కూర్చునే ముసలిదైపోతుంది. నిజం చెప్తే ఇక్కడే కూలిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"పెద్దమ్మా, రేకు మీద చేతులు తారుమారవుతాయి" అన్నాడు చివరికి.

"నువ్వూ వాళ్ళతోనే చేరావన్నమాట. ఏదీ, నన్ను తియ్యి. నా చెయ్యి ఎలా మారుతుందో చూస్తాను."

ఉంగరమున్న ఎడమచెయ్యి గుండెల మీద పెట్టుకుని బిర్రబిగుసుకుని కూర్చుంది. ఏబ్నర్ ఫోటో తీశాడు. రేకు పాడైపోతే బాగుండునని కూడా అనుకున్నాడు, పిచ్చిమనిషి. అది కాస్తా శుభ్రంగా వచ్చింది. మందునీళ్ళలో ముందు ఆమె మొహం తేలింది, తర్వాత చెయ్యి. ఉంగరం కుడిచేతికి ఉంది.

కెజయా రేకును చూసింది, తన చేతిని చూసుకుంది. కొడుకు ఫోటోను ఒళ్ళోకి తీసుకుంది.

"ఎవరి బిడ్డో పాపం అనుకున్నాను ఏబ్నరూ" అంది. "వీడి తల్లిని ఓదార్చమని ప్రతి ఆదివారం దేవుణ్ణి వేడుకున్నాను. ఆ కడుపుకోత ఆమెదే, నాది కాదని లోలోపల సంతోషించాను కూడా."