రూత్ అక్క వెనక్కి పంపిన మెసేజ్

మా బ్యాంకులో ఈ కథ ఎవరు చెప్పినా "రూత్ అక్క దయ్యమై వచ్చి మెసేజ్ ఆపింది" అంటారు. ముందు ఒక మాట. రూత్ అక్క బతికే ఉంది. ఊళ్లోనే కార్ఖానా అనే పేటలో ఉంటుంది, ఇప్పటికీ నేను పెట్టే టీలో చక్కెర ఎక్కువని తిడుతుంది. దయ్యాల్ని నేను నమ్మను. బతికున్న మనిషిని దయ్యం చేసేవాళ్లతో అసలే పడదు.

అప్పట్లో సికింద్రాబాద్‌లోని మా విదేశీ చెల్లింపుల సెక్షన్‌కు కంప్యూటర్ మెసేజ్‌లు కొత్త. అంతకుముందు టెలిగ్రాంలా కొట్టే టెలెక్స్ రోజుల్లో ఎలా రాసినా అవతలి గుమాస్తా అర్థం చేసుకునేవాడు. కొత్త పద్ధతిలో ప్రతి వివరానికీ ఒక గడి. గడి మారితే డబ్బు దారి మారుతుంది. అందుకే ఒకరు టైపు చేస్తే, ఇంకొకరు తమ పాస్‌వర్డ్‌తో సరిచూసి పంపాలి. నావి సరిచూసేది రూత్ అక్క.

ఆ రోజు ఆవిడకు ఆపరేషన్. బదులుగా మేనేజరు గారు చూడాలి.

మధ్యాహ్నం రెజిమెంటల్ బజార్ నుంచి ఒకావిడ వచ్చింది. భర్త మస్కట్‌లో ఆస్పత్రిలో ఉన్నాడు. డబ్బు చేరితేనే గుండె ఆపరేషన్. నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది.

టైపు చేసి సరిచూడటానికి పంపాను. మేనేజరు గారు భోజనం నుంచి రాకముందే అది తిరిగొచ్చింది, రూత్ అక్క పేరుతో. కింద ఇంగ్లీషులో ఒకే మాట: ఇది టెలెక్స్ కాదు.

చూస్తే, ఆస్పత్రి బ్యాంకు గడిలో మధ్యవర్తి బ్యాంకు కోడ్ పెట్టాను. అదీ నిజమైన బ్యాంకు కోడే కాబట్టి యంత్రం పట్టుకోదు. సరిచేశాను. మేనేజరు గారు వచ్చి పంపారు.

అక్క కంప్యూటర్ ఎవరు ముట్టుకున్నారని అడిగితే, పక్క సీటు యాదగిరి నవ్వాడు. "ఏందక్కా, గిట్ల పరేషాన్ చేస్తున్నవ్? పొద్దుగాల్నుంచి బందే ఉంది. కవర్ సుత తియ్యలే."

ఎవరో ఆవిడ పాస్‌వర్డ్ వాడారని అప్పుడూ వాదించాను, ఇప్పుడూ వాదిస్తాను. కానీ సాయంత్రం చూడటానికి వెళ్తే, అప్పుడే మత్తు వదులుతున్న అక్క నన్ను చూసి అంది: "మస్కట్‌ది సరిచేశావా, ఇంకా టెలెక్సే కొడుతున్నావా?"

"చేశానక్కా" అన్నాను. కళ్లు మూసుకుంది. మర్నాటికి ఆ మాట అన్నట్టే గుర్తు లేదు.

మస్కట్ ఆయన తిరిగొచ్చి మా సెక్షనంతా ఖర్జూరాలు పంచాడు. అక్కా కోలుకుంది. అంతకన్నా నాకేం కావాలి. పాస్‌వర్డ్ ఎవరో దొంగిలించారనే అనుకుందాం. మరి ఆపరేషన్ బల్ల మీదున్న మనిషికి నా మెసేజ్ సంగతి ఎవరు చెప్పారు?