కాక చెప్పనన్న మాట

మా కార్ఖానా వెనక నుంచే శ్మశానానికి దారి. ముప్ఫై ఏళ్లుగా ఏ వేళప్పుడైనా ఆ దారిన నడుస్తున్నాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు. దయ్యాల కథలు నేను వినను, చెప్పను. కిందటి ఎండాకాలం సిరిసిల్లలోని మా షెడ్డులో, పట్టపగలు, నలుగురి ముందు జరిగింది మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అంతకన్నా ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. అది దాచి ఇది రాస్తే సగం అబద్ధమవుతుంది.

అవి అన్నల కాలం, అంటే నక్సలైట్ల మాట చెల్లిన రోజులు. మా నాయనకు పన్నెండు మరమగ్గాలుండేవి. మా దగ్గర వాటిని సాంచాలంటారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. సాంచాలు బాగుచేసే జాబర్ రాజమల్లు కాక. నడుస్తున్న సాంచె మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు. ఎట్లా తెలుస్తుందని అడిగితే నవ్వేవాడు.

"అది మొత్తుకుంటున్నది గదరా శీనూ. నీకు ఇనవడ్తలేదా?"

ఒకరోజు ఏడో నంబరు సాంచె మీద చెయ్యి పెట్టి, వెంటనే ఆపేశాడు. నూలు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరిపడుతుందని, నడపొద్దని నాతోనే చెప్పాడు. దాన్ని కొట్టే కర్రకు కట్టే తోలు పట్టా మార్చాలని బజారుకు వెళ్లాడు. ఆ సాంచె మీద నేస్తున్న గుడ్డ సాయంత్రానికల్లా కొన్నవాళ్లకు పోవాలి. నేను సాంచె ఆన్ చేయించి, దాని దగ్గర మా నేత కార్మికుడు ఓదెలును నిలబెట్టాను. అరగంట కాలేదు. నాడె లేచి ఓదెలు ఎడమ కంటికి తగిలింది. కన్ను పోయింది.

వారం తిరగకముందే అన్నల నుంచి చీటీ వచ్చింది. గంభీరావుపేట అవతల ఒక ఊరి పొలిమేరకు మా అందరినీ రమ్మన్నారు. తప్పెవరిదని అన్నలు అడిగారు. మా నాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. యజమాని కొడుకు నడిపించాడని తెలిస్తే ఆయన ఇంటికి తిరిగి వస్తాడో లేదో తెలియదు.

"బాగైంది, నడుపుండ్రని రాజమల్లు కాకనే చెప్పిండు" అన్నాను.

కాక నా వైపు చూశాడు. తరువాత మా నాయన వైపు చూశాడు. నోరు తెరవలేదు. కంటికి కట్టుతో ఓదెలు అక్కడే ఉన్నాడు, నా మాట విన్నాడు. ఇక సిరిసిల్లలో సాంచె ముట్టొద్దని కాకకు తీర్పు చెప్పారు. రెండు రోజులకు ఆయన మహారాష్ట్రలో సాంచాలుండే భివండికి బస్సెక్కాడు.

ఏళ్లు గడిచాయి. అన్నలు లేకుండా పోయారు, మా నాయన పోయాడు. కాక ముసలివాడై తిరిగి వచ్చాడు. ఓదెలు మా దగ్గరే నూలు కండెలు చుడుతున్నాడు.

మా మేనకోడలు స్రవంతిది కోరుట్ల. జగిత్యాల దగ్గర ఇంజనీరింగ్ చదివి, ఏఐ మోడళ్లకు శిక్షణ ఇచ్చే పని చేస్తుంది. జాబర్లంతా ముసలివాళ్లయ్యారు, వాళ్ల చేతిలో ఉన్నది ఏ పుస్తకంలోనూ లేదు, వాళ్లతోనే పోతుంది, దాన్ని మోడల్‌కు నేర్పుదాం అంది. నేనే వెళ్లి కాకను అడిగాను. పాత మాట ఎత్తకుండా వచ్చాడు.

ఎనిమిది నెలలు నేర్పాడు. సాంచె చప్పుడును స్రవంతి రికార్డు చేసేది, జబ్బేమిటో కాక చెప్పేవాడు. ఒక్కో జబ్బుకు ఆయన గొంతుతోనే ఒక్కో మాట ఎక్కించింది. ఫోన్ దగ్గర పెడితే చాలు, కాక గొంతు చెబుతుంది.

"నేను నలభై ఏండ్లల్ల నేర్సుకున్నది నీ డబ్బ ఎనిమిది నెలలల్ల నేర్సుకుంటదా బిడ్డా? మరి దీనికి చాయ్ గిట్ల పొయ్యాల్నా?"

"చాయ్ ఒద్దు తాతా. చార్జింగ్ చాలు."

ఆ ఎనిమిది నెలలూ ఓదెలు కాకకు వీపు తిప్పి కూర్చున్నాడు. 

స్రవంతి రాసుకున్న జబ్బుల జాబితాలో చివరిది నాడె ఎగరడం. స్రవంతి మైకు పెడితే కాక తల అడ్డంగా ఊపాడు.

"గది నేను చెప్ప బిడ్డా. ఒక్కసారి చెప్పిన. సాలు."

అన్నది ఆమెతో. చూసింది నన్ను. ఓదెలు పదడుగుల దూరంలో ఉన్నాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేను అందరికీ చాయ్ తెప్పించాను.

ఆ వరుస జాబితాలో పేరుకే మిగిలింది. దానికి గొంతు లేదు. ఆ ఎనిమిది నెలల్లో నాడె ఒక్కసారీ ఎగరలేదు కనుక చప్పుడూ లేదు. మూడు నెలలకు కాక చనిపోయాడు.

మోడల్ మాత్రం బాగా పనిచేస్తుంది. సంపత్ అనే కొత్త జాబర్ దాన్ని పట్టుకుని తిరుగుతూ, ఏళ్లు పట్టే పనిని నెలల్లో నేర్చుకున్నాడు. అందులో మాయేమీ లేదు, ఉన్నది కాక చెవి. ఈ మాట ఎవరి ముందైనా ధైర్యంగా అంటాను.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలు. ఏడో నంబరు సాంచె నడిపే మనిషి రాలేదు. కాసేపు తాను నిలబడతానని ఓదెలు వచ్చాడు. సంపత్ రోజూ లాగే ఫోన్ పట్టుకుని తిరుగుతూ అక్కడ ఆగాడు. ఫోన్ అదిరింది, మాట రాలేదు.

"సౌండ్ పోయినట్టున్నది అన్నా" అని నాకు చూపించాడు.

తెర మీద ఆ చివరి వరుస ఉంది: 'నాడె ఎగురుతది.'

స్విచ్ దగ్గరికి ఎట్లా చేరానో గుర్తు లేదు. సాంచె ఆగింది. సంపత్ విప్పి చూశాడు. తోలు పట్టా పైకి కొత్తదానిలా ఉంది. లోపలివైపు తెగి, గోటి మందం మిగిలింది.

ఓదెలు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఆనాడు రాజమల్లు గిట్ల ఇప్పి సూసుంటే నా కన్ను ఉంటుండె సేట్."

"సూసిండు ఓదెలూ. ఆపిండు గూడ. బందు వెట్టుమని నాకు చెప్పి పోయిండు. నడిపిచ్చింది నేను."

ఓదెలు ఆ పట్టాను వేళ్ల మధ్య నలుపుతూ ఉన్నాడు.

"ఆయన సావుకు గూడ పోలే సేట్" అన్నాడు.

 వెళ్లి కండెల దగ్గర కూర్చున్నాడు.

మరునాడు స్రవంతి వచ్చింది. ఫోన్‌లో ఆ సమయం, ఆ వరుస, అప్పుడు విన్న సాంచె చప్పుడు నమోదై ఉన్నాయి. ఆ రికార్డింగునే మోడల్‌కు పదిసార్లు వినిపించింది. పదిసార్లూ మోడల్ కాక గొంతుతో "నూనె తక్కువైంది, ఎయ్యుండ్రి" అనే చెప్పింది.

"మామా, ఒక్కసారన్న ఇనని చప్పుడుకు ఇది పేరు పెట్టదు. ఎక్కడనో తప్పు జరిగి ఉంటది" అంది. ఎక్కడో ఇప్పటికీ దొరకలేదు.

రాజమల్లు కాక తప్పేమీ లేదు. ఇది రాయడం అందుకే. మిగతాది నాకు తెలియదు. ఎంత ఆలోచించినా లెక్క తేలలేదు. ఆ వరుస తీసేస్తానని స్రవంతి అంటే వద్దన్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున ఏడో నంబరు దగ్గర ఫోన్ పెడితే చాలాసార్లు కాక గొంతుతో నూనె మాటే వస్తుంది. సంపత్ నూనె డబ్బా అందుకునే లోపే ఓదెలు కండెల దగ్గర నుంచి లేచి వస్తాడు. ఇంకొకరిని వెయ్యనివ్వడు.