రంగు అంటిన చీటీ

2024 ఎండాకాలం. ఎన్నికలకు ఇంకా నెల కూడా లేదు. ధర్మవరంలో ఏ వార్డు ఎటు మొగ్గుతోందో కనుక్కునే సర్వే పని మీద మగ్గాల వీధుల్లో తిరుగుతున్నాను. ఇంటింటికీ పోయి అడగడమే నా వృత్తి. గోరంట్ల నుంచి గుమ్మఘట్ట దాకా పన్నెండేళ్లుగా తలుపులు తడుతున్నాను. అరిగింది చెప్పులే కాదు, ఓపిక కూడా.

మా పనిలో శాంపిల్ అంటే ఊరందరినీ అడగకుండా వరసలో కొన్ని ఇళ్లు ఎంచుకుని అడగడం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడడం లాంటిదని శిక్షణలో చెప్పారు. మెతుకు అబద్ధం చెప్పదు, మనుషులు చెబుతారు. బజారులో కొట్లవాళ్లు అడిగేవాడి మొహం చూసి పార్టీ పేరు చెబుతారు. మగ్గాల వీధుల్లో అయితే, పట్టు ఇచ్చే షావుకారు ఇంటి మీద ఏ జెండా ఉంటే వీధంతా అదే పేరు చెబుతుంది. ఆ రోజు నేను అడిగిన పదిహేను ఇళ్లలోనూ ఒకటే మాట వచ్చింది.

అందుకే మా దగ్గర డమ్మీ బ్యాలెట్ ఉంటుంది. గుర్తులున్న చీటీ మీద గీత పెట్టి, మడిచి, తాళం వేసిన రేకు పెట్టెలో వేయాలి. పేరు ఉండదు. పెట్టెను ఆఫీసులోనే తెరవాలన్నది నియమం.

వీధి చివరి వైపున ఉండే ఇల్లు లక్ష్మీదేవమ్మది. యాభై ఏళ్లుంటాయి. ఆ వీధిలో పట్టుకు రంగు అద్దేది ఆమె ఒక్కతే. మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని నడుం పడిపోయిన భర్త మంచం మీద ఉన్నాడు. షావుకారు పంపే పట్టుకు రంగు వేస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నేను వెళ్లేసరికి గంగాళంలో ఎర్ర రంగు కుతకుతమంటోంది.

"చేతులు కడుక్కోనిస్తావా అక్కా? రంగు కారతాండాది" అంది.

"గీత పెట్టేదానికి కడుక్కునేదెందుకమ్మా? కొంగుకు తుడుచుకో. ఇంగా నాలుగిండ్లు ఉండాయి నాకు" అన్నాను.

"ఎవురికీ తెలీదు గదా?"

"దేవునికి గూడా తెలీదు."

ఆమె నవ్వి, చీటీ పెట్టెలో వేసింది.

సాయంత్రం లోపల అంకెలు పంపమని సూపర్‌వైజరు ఫోన్ మీద ఫోన్. కాళ్లు లాగేస్తున్నాయి. వీధి మొదట్లో ఉన్న టీ కొట్టు బల్ల మీదే పెట్టె తెరిచాను. నోటితో ఒకటే మాట చెప్పిన వీధి, చీటీల్లో సగానికి సగం అవతలి గుర్తుకు గీత పెట్టింది. అలా అవతలి గుర్తుకు పడిన వాటిలో ఒక్క చీటీ మీద మాత్రం ఎర్రగా బొటనవేలి మరక.

"ఏమక్కా, అప్పుడే కౌంటింగు పెట్టినావే!" అన్నారెవరో. తలెత్తితే షావుకారు గుమాస్తా, టీ గ్లాసుతో నా వెనకే నిలబడి ఉన్నాడు. వంగి మరక వైపు చూశాడు. చీటీలన్నీ గబగబా సంచిలో కుక్కుకున్నాను. అప్పటికే చూడాల్సింది చూసేశాడు.

మూడు రోజుల తర్వాత బ్యాక్ చెక్‌కు, అంటే రాసుకున్న ఇళ్లను మళ్లీ సరిచూసుకోవడానికి వెళ్లాను. గంగాళం బోర్లించి ఉంది.

"పట్టు ఇంగ రాదంటక్కా. గుమాస్తా చెప్పిపోయినాడు" అంది లక్ష్మీదేవమ్మ. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. తిట్టలేదు.

సిగ్గు విడిచి షావుకారు దగ్గరికి పోయాను. "నేనేమన్నా ఓటు మాటెత్తినానామ్మా? నా పట్టు, నా ఇష్టం. యాడ అద్దించాల్నో గూడా నీ సర్వే చెప్తాదా?" అన్నాడు. ఆ వీధిలో సగం మంది ఆమెలాగే గీత పెట్టారు, వాళ్ల చేతులకు రంగు లేదంతే. ఆమె తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పమని అడిగే మొహం నాకూ లేదు. ఆ వీధి మొత్తం షావుకారు పార్టీదేనని గుమాస్తా ఇప్పటికీ బజారులో చెబుతూనే ఉంటాడట.

ఈ ఏడాది ఇంకో సర్వేకు అదే వీధి వచ్చింది. ఇప్పుడు నా సంచిలో తడిగుడ్డ, సబ్బు ఉంటున్నాయి. పెట్టె ఆఫీసుకు చేరేదాకా తాళం తీయను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కాకపోతే కాలింది నా చేతులు కావు.

లక్ష్మీదేవమ్మ పక్కింటివాళ్లకు కూలికి దారం కండెలు చుడుతోంది. తడిగుడ్డ అందించాను. తీసుకోకుండా రెండు అరచేతులూ చూపించింది. ఎక్కడా రంగు లేదు.

"పెట్టె వద్దులేక్కా. సావుకారు పార్టీకే ఏస్తా, రాసుకో" అంది, వీధంతా వినపడేంత గట్టిగా.

రాసుకున్నాను. ఈసారి ఆ మాట ఎవరి కోసం చెప్పిందో రాయడానికి మా ఫారంలో గడి లేదు. ఇన్నేళ్లలో ఎన్ని వేల జవాబులు రాసుకున్నానో గుర్తులేదు కానీ, ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే గుర్తుంది. చేతులు కడుక్కునేంత సేపు ఆగమంది. నేను ఆగలేదు.