అత్త చెరపనివ్వని గమనికలు

మా మేనత్త కోట్లు కుడుతుంది. ఎవరైనా డిజైనర్ అని పిలిస్తే ఇంతెత్తున లేస్తుంది. "దర్జీని. దర్జీ అనడానికి నోరు రాదా?" అంటుంది.

ఆమె కొడుకు, అంటే మా బావ, దుకాణానికి వెబ్‌సైట్ పెట్టాడు. కస్టమర్లు అందులో తమ కొలతలు చూసుకుని, ఇంట్లో కూర్చునే కొత్త కోటుకు ఆర్డరు ఇవ్వచ్చు. కొలతల పక్కన వాళ్లకు కనిపించని గడి ఒకటి ఉండేది. అందులో అత్త తనకోసం రాసుకునేది. 'పొట్ట లేదంటాడు. ఉంది. వాదించకు, వదులు పెట్టు.' 'ఈవిడ నిలబడితే ఊపిరి బిగబడుతుంది. కూర్చున్నాకే కొలువు.' ఇంచీలు టేపు చెబుతుంది గానీ మనిషి సంగతి టేపుకేం తెలుసని ఆమె వాదన.

పాత సర్వర్ నడిపేవాళ్లు కంపెనీ మూసేస్తుండడంతో బావ డేటాబేస్‌ను కొత్త సర్వర్‌కు మార్చాడు. "చూశారా, ఒక్క అక్షరం పొల్లుపోలేదు!" అని కాలరెగరేశాడు. నిజమే, పోలేదు. అత్త గడిని దాచే ఏర్పాటు మాత్రం పాత సైట్‌లోనే ఉండిపోయింది. మేం టీ తాగేలోపే చాలామంది తమ పొట్టల మీద అత్త అభిప్రాయం చదివేశారు.

ఫోన్లు మోగిపోయాయి. బావకు ముచ్చెమటలు పట్టాయి. ముందు సైట్ ఆపేశాడు.

"అమ్మా, ఆ రాతలన్నీ చెరిపేస్తా. అందరికీ క్షమాపణ చెబుదాం."

"పాత సర్వర్‌లో ఉంటాయా?"

"అది మూసేశారుగా. ఇక్కడ చెరిపితే ఇంకెక్కడా ఉండవు."

"అయితే ఆ చెయ్యి తియ్యి. దాచు, చెరపకు. అవి లేకపోతే నాకూ ఈ మిషన్‌కీ తేడా ఏముంది? చూపించినందుకు క్షమాపణ చెప్తా. రాసినందుకు చచ్చినా చెప్పను."

"కస్టమర్లు పోతారమ్మా!"

"పోనీ."

అంతలో పాటల టీచరు విసురుగా వచ్చింది. ఏళ్లుగా కచేరీలకు అత్త కుట్టిన కోట్లే వేసుకుంటుంది. కోటు విప్పి బల్ల మీద పడేసి, ఫోన్‌లో తీసుకున్న ఫొటో చూసి చదివింది. "'ఎడమ భుజం కిందికి. అడగకు. లోపల ప్యాడ్ పెట్టు.' నా కోట్లన్నిట్లో పెట్టారా? నాకు చెప్పకుండా?"

"పెట్టాను."

"తీసెయ్యండి. ఆ రాతా, ఆ ప్యాడూ."

"రాత నీ గురించి కాబట్టి తీసెయ్యమంటే తీసేస్తా. ప్యాడ్ నా పని. అది తియ్యను. భుజం మీద సరిగ్గా కూర్చోని కోటు నా గుమ్మం దాటదు."

"నా భుజం వంకరనేగా మీరనేది?"

"వంకరంటే కోటుదమ్మా. నీ భుజం ఎలా ఉంటే కోటు అలా ఉండాలి. అంతేగానీ కోటు కోసం నీ భుజం మారుతుందా?"

టీచరు కోటు తిరగేసి, లోపలి అస్తరు మీద వేళ్లతో తడిమింది. ప్యాడ్ ఎక్కడుందో దొరకడానికి చాలాసేపు పట్టింది.

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడగలేదేం?" అంది చివరికి.

"చెప్పాలనుకుంటే నువ్వే చెప్పేదానివి."

టీచరు కోటు తొడుక్కుంది. కళ్లు తుడుచుకోకుండానే బావ వైపు తిరిగింది. "మిగతాదంతా ఉండనివ్వు బాబూ. 'అడగకు' అన్న మాట ఒక్కటి చెరుపు."

బావ అత్త వైపు చూశాడు. అత్త తలూపింది. అతను ఆ ఒక్క మాట చెరిపాక, అత్త మా ఇద్దర్నీ బయటికి పొమ్మని, టీచరుకు కుర్చీ జరిపింది.